పిల్లల్లో లింఫోమా: ఇంటి పెద్దలుగా మనం తెలుసుకోవలసినవి

(చంద్లాపూర్‌లో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ ప్రభుత్వం వేసే భిక్ష కాదు, ఉద్యోగి చేసిన సేవకు దక్కిన హక్కు అని తీర్పు చెప్పింది. ఏటా ఈ వేదిక మీద మనం కరువు భత్యం బకాయిలు, పి.ఆర్.సి., హెల్త్ కార్డుల సంగతులు మాట్లాడుకుంటాం. అవి మాట్లాడుకోవలసినవే. ఈసారి కార్యవర్గం వారు నన్ను ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. బి.పి., షుగరు, మోకాళ్ళ నొప్పులు మనకు కొట్టిన పిండే. వాటి మీద ఈ సభలో ఎవరిని లేపినా గంటసేపు ఉపన్యసించగలరు. అందుకని నేను మన రోగాల గురించి కాక, మన మనుమలకు, మనుమరాళ్ళకు రాగల ఒక జబ్బు గురించి చెప్పదలచుకున్నాను. దాని పేరు లింఫోమా. అందులోనూ పిల్లల్లో, యుక్తవయసు వారిలో వేగంగా పెరిగే రకం లింఫోమాలు.

నేను వైద్యుణ్ణి కాను. ముప్ఫై నాలుగేళ్ళు సర్కారీ గుమాస్తాగిరి చేసి, సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయిన వాణ్ణి. మా అక్క మనుమడికి పదమూడవ ఏట ఈ జబ్బు వచ్చినప్పుడు, ఇంట్లో తీరిక ఉన్న మనిషిని నేనొక్కణ్ణే కాబట్టి, హైదరాబాదులో ఆసుపత్రి చుట్టూ ఆరు నెలలు తిరిగాను. పాత ఫైలు చదవకుండా నోటు పెట్టని అలవాటు ఒకటి ఉన్నది గదా! డాక్టర్లను అడిగి, పుస్తకాలు చూసి, తెలుసుకున్నదంతా ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఆ పుస్తకంలోనివే ఈ మాటలు.

ముందు ఈ లింఫ్ అంటే ఏమిటో చూద్దాం. మన ఊరివాళ్ళకు ఇది చెప్పడం సులువు. 2020 ఏప్రిల్‌లో మన రంగనాయక సాగర్‌లోకి గోదావరి నీళ్ళు వచ్చాయి. అక్కడి నుంచి కాలువలు, పిల్లకాలువలు, తూములు. మన ఒంట్లో కూడా రక్తనాళాలు గాక సన్నని కాలువల అమరిక మరొకటి ఉంది. అందులో పారే తేట ద్రవమే లింఫ్. ఆ కాలువల మీద అక్కడక్కడ చౌకీల వంటి చిన్న గ్రంథులు ఉంటాయి. మెడలో, చంకల్లో, గజ్జల్లో, ఛాతీ లోపల, కడుపులో ఉంటాయి. కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జలో బిళ్ళ కడుతుంది చూడండి, ఆ బిళ్ళే లింఫ్ గ్రంథి. ఆ చౌకీలో కాపలా కాసే తెల్ల రక్తకణాలు శత్రువుతో పోరాడుతున్నాయన్న మాట. ఆ కాపలా కణాల్లోనే ఒకటి అదుపు తప్పి, ఆపే ఆజ్ఞ వినకుండా రెండు, నాలుగు, ఎనిమిదిగా పెరుగుతూ పోతే అది లింఫోమా. అంటే కాపలావాడే దోపిడీకి దిగడం.

ఇందులో రెండు పెద్ద వర్గాలు. ఒకటి హాడ్జ్‌కిన్ లింఫోమా. ఇది యుక్తవయసు పిల్లల్లో కనిపిస్తుంది, సాధారణంగా నెమ్మదిగా పెరుగుతుంది, మందులకు బాగా లొంగుతుంది. రెండవది నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమా. పెద్దవారిలో ఈ రెండవ వర్గం ఏళ్ళ తరబడి నిదానంగా సాగేది కూడా ఉంటుంది. పిల్లల్లో మాత్రం దాదాపు ఎప్పుడూ వేగంగా పెరిగేదే. అందులో ముఖ్యమైనవి నాలుగు. బర్కిట్ లింఫోమా, డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమా, టి లింఫోబ్లాస్టిక్ లింఫోమా, అనాప్లాస్టిక్ లార్జ్ సెల్ లింఫోమా. పేర్లు గుర్తుపెట్టుకోనక్కరలేదు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. బర్కిట్ గడ్డ మనిషికి వచ్చే గడ్డలన్నిటిలోకీ వేగంగా పెరిగే వాటిలో ఒకటి. ఒకటి రెండు రోజుల్లోనే దాని కణాలు రెట్టింపు కాగలవు. సోమవారం నిమ్మకాయంత ఉన్నది మరుసటి సోమవారానికి కొబ్బరికాయంత కావచ్చు. అందుచేత "వచ్చే అమావాస్య దాటనిద్దాం", "కోతలు అయినంక చూద్దాం" అన్న మాటలకు ఇక్కడ చోటు లేదు.

విచిత్రమేమంటే, అంత వేగంగా పెరిగే గుణమే దాని బలహీనత కూడా. క్యాన్సర్ మందులు ముఖ్యంగా విభజన చెందుతున్న కణాల మీద పనిచేస్తాయి. ఎంత తొందరపడి పెరిగితే అంత తొందరగా మందుకు చిక్కుతుంది. కాబట్టి చూడటానికి అతి భయంకరమైన ఈ జబ్బే, సకాలంలో సరైన చోట చికిత్స జరిగితే పూర్తిగా నయమయ్యే క్యాన్సర్లలో ఒకటి. "రాచపుండు వస్తే కాటికే" అన్న మాట మన నాయనల కాలం నాటిది. పిల్లల విషయంలో ఆ మాట ఈనాడు పనికిరాదు.

ఈ జబ్బు చరిత్ర కొంచెం చెప్పాలి. ఎందుకంటే అందులో మన తెలుగువాడు ఒకరు ఉన్నారు.

డెనిస్ బర్కిట్ అనే ఐర్లండు శస్త్రవైద్యుడు ఆఫ్రికాలోని ఉగాండాలో పనిచేసేవాడు. చిన్నప్పుడే ప్రమాదంలో ఒక కన్ను పోగొట్టుకున్న మనిషి. దవడలు ఉబ్బి వచ్చే పిల్లలను చూసి, ఇది ఒక ప్రత్యేకమైన గడ్డ అని 1958లో ప్రకటించాడు. ఈ జబ్బు ఏ ఏ ప్రాంతాల్లో ఉన్నదో తెలుసుకోవడానికి మనం సర్క్యులర్లు పంపినట్లే ఆసుపత్రులన్నిటికీ ప్రశ్నాపత్రాలు పంపాడు. చాలక, 1961లో పాత కారులో సుమారు పదివేల మైళ్ళు తిరిగాడు. మలేరియా దోమ ఎక్కడ ఎక్కువో అక్కడే ఈ గడ్డ ఎక్కువ అని తేలింది. అదే ఏడాది లండన్‌లో ఆయన ఉపన్యాసం విన్న ఎప్‌స్టీన్ అనే శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి 1964లో ఆ గడ్డ కణాల్లో ఒక వైరస్‌ను కనుగొన్నాడు. దానికే ఎప్‌స్టీన్ బార్ వైరస్ అని పేరు. ఆఫ్రికాలో దవడకు ఎక్కువగా వచ్చే ఈ గడ్డ, మన దేశం వంటి చోట్ల ఎక్కువగా కడుపులో వస్తుంది.

బర్కిట్ వద్ద కోసి తీసే కత్తి ఉన్నది గాని, ఈ గడ్డ కత్తికి లొంగేది కాదు. అప్పుడు ఆ పిల్లలకు ఇచ్చి చూసిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. దవడ గడ్డలు కరిగిపోవడం చూసి వైద్యులే ఆశ్చర్యపోయారు. ఆ ఫలితాలు 1963లో అచ్చయ్యాయి. ఆ మందు ఎక్కడిది? భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో, అమెరికాలోని లెడర్లే ప్రయోగశాల బృందం తయారుచేసినది. ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ కణం పెరగడానికి ఎరువు వంటిది. దాని రూపే ఉండి, దాని పని చేయని పదార్థాన్ని అందిస్తే, క్యాన్సర్ కణం దాన్నే ఎరువనుకుని పట్టుకుని ఎండిపోతుంది. ఆ జాతి మందుతోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ ఉన్న పిల్లల్లో జబ్బు తాత్కాలికంగానైనా తగ్గించగలిగి, ఆ సంగతి 1948లో లోకానికి చెప్పాడు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు యాభై మూడేళ్ళకే కన్నుమూశారు. ఆఫ్రికా పిల్లల సంగతి ఆయనకు తెలియదు. మన అక్క మనుమడి సంగతి అంతకన్నా తెలియదు. అయినా ఈనాటికీ బర్కిట్ లింఫోమా చికిత్సకు మెథోట్రెక్సేట్ వెన్నెముక. ఆయన శతజయంతి సందర్భంగా 1995లో మన ప్రభుత్వం తపాలా బిళ్ళ వేసింది.

ఇంకో మందు సంగతి. విన్‌క్రిస్టిన్. అది మన ఇళ్ళ ముందర పూసే బిళ్ళగన్నేరు మొక్క నుంచి తీసినదే. 1963 నుంచి వాడుకలో ఉన్నది. ఇది విని రేపు పొద్దున ఎవరూ బిళ్ళగన్నేరు ఆకు నూరి పిల్లలకు తాగించవద్దు. మందు వేరు, ఆకు పసరు వేరు. మిల్లీగ్రాముల లెక్కతో నరానికి ఎక్కించవలసిన దానిని పసరుగా తాగిస్తే అది విషమే.

ఇక లక్షణాలు. మొదటిది, మెడలోనో చంకలోనో గజ్జలోనో బిళ్ళ కట్టి, రెండు మూడు వారాలైనా తగ్గకపోవడం, పైగా పెరగడం, గట్టిగా ఉండి నొప్పి లేకపోవడం. కాలర్ ఎముక పైన బిళ్ళ కనిపిస్తే అసలే ఆగవద్దు. రెండవది, కడుపు ఉబ్బడం, మాటిమాటికీ కడుపు నొప్పి, వాంతులు, చేతికి గడ్డ తగలడం. ఒక్కొక్కసారి పేగులో పేగు దూరి, అపెండిసైటిస్ అనుకుని కోస్తే లోపల ఇది బయటపడుతుంది. మూడవది, ఆయాసం, దగ్గు, వెల్లకిలా పడుకోలేకపోవడం, ముఖం, మెడ ఉబ్బడం. ఇది ఛాతీలో గడ్డ గొంతు గొట్టాన్ని, రక్తనాళాన్ని నొక్కుతున్న గుర్తు. ఇది గంటల లెక్క. నాల్గవది, కారణం తెలియని జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం. ఐదవది, ముఖం ఒక పక్క వంగడం, కాళ్ళు పట్టు తప్పడం. ఈ గుర్తులున్న పిల్లలందరికీ లింఫోమా ఉన్నట్లు కాదు. పిల్లలకు కట్టే బిళ్ళల్లో చాలా మటుకు మామూలు జలుబు, గొంతు నొప్పి, తలలో కురుపుల వల్ల వచ్చేవే. కాని తగ్గని బిళ్ళకు పరీక్ష తప్పదు.

ఇక్కడ మన ప్రాంతంలో జరిగే మూడు పొరపాట్లు చెప్పాలి.

ఒకటి, బిళ్ళ కనపడగానే ముక్క పరీక్ష లేకుండానే టి.బి. అని మందులు మొదలుపెట్టడం. మన దేశంలో టి.బి. ఎక్కువే, అనుమానం సహజమే. కాని ముక్క తీసి చూడకుండా నెలల తరబడి మందులు మింగిస్తూ ఎదురుచూస్తే, ఒకటి రెండు రోజుల్లో రెట్టింపయ్యే గడ్డ ఎదురుచూడదు.

రెండు, ముక్క పరీక్ష అంటే భయం. "సూది తగిలితే ఒళ్ళంత పాకుతదట" అని మనవాళ్ళు అంటారు. అది నిజం కాదు. పరీక్ష లేనిదే ఇది ఏ రకమో తెలియదు. రకం తెలియనిదే మందు తెలియదు. సన్న సూదితో తీసిన నీటి బొట్టు చాలా సార్లు చాలదు, కండ ముక్క కావాలి. దాన్ని సూక్ష్మదర్శినితో చూడటమే గాక ప్రత్యేకమైన రంగు పరీక్షలు చేస్తారు. ఆ తరువాత స్కానింగు, ఎముక మజ్జ పరీక్ష, వెన్ను నీటి పరీక్ష. జబ్బు ఎంత దూరం పాకిందో తేల్చడానికే ఇవన్నీ.

మూడు, అన్నిటికన్నా ప్రమాదం, స్టెరాయిడ్ సూదులు. ఆయాసమనో, జ్వరమనో, ఊళ్ళో ఎవరో డెక్సామెథసోన్ సూది వేస్తారు. ఇది లింఫోమా అయితే గడ్డ మంచు కరిగినట్లు కరుగుతుంది. "చూసినవా, ఎంత మంచి చెయ్యో!" అని మెచ్చుకుంటాం. పది రోజులకు అది రెట్టింపు బలంతో లేస్తుంది. మధ్యలో ముక్క తీసినా రోగనిర్ణయం కష్టమవుతుంది. మా పిల్లవాడికి జరిగిందదే. కడుపు నొప్పి అని పన్నెండు రోజులు సూదులు పడ్డాయి. నాలుగు రోజులు లేచి ఆడుకున్నాడు. ఐదో రోజు కడుపు కుండలా అయింది. సిద్దిపేటలో స్కానింగు తీసిన డాక్టరు గారు మా అల్లుణ్ణి పక్కకు పిలిచి, "ఇయ్యాలనే హైదరాబాదుకు తీసుకపోండి, రేపనవద్దు" అన్నారు. ఆ మాటే వాణ్ణి కాపాడింది.

చికిత్స ఎట్లా జరుగుతుంది? అసలు మందుకన్నా ముందు ఒక గండం ఉంది. గడ్డ పెద్దదై ఉన్నప్పుడు ఒక్కసారిగా కణాలు చస్తే, వాటిలోని పొటాషియం, యూరిక్ ఆమ్లం వంటివి రక్తంలోకి వరదలా వస్తాయి. గేట్లన్నీ ఒక్కసారి ఎత్తితే కాలువ కట్ట తెగినట్లు, కిడ్నీలు తట్టుకోలేవు, గుండె లయ తప్పుతుంది. అందుకని ముందు నుంచే సెలైన్ ఎక్కించి, అల్లోప్యూరినాల్ గాని రాస్‌బ్యూరికేజ్ గాని ఇచ్చి, గంటగంటకు మూత్రం కొలిచి, తక్కువ మోతాదు మందులతో వారం రోజులు మెల్లగా మొదలుపెడతారు. మాకు నర్సమ్మ ఒక కాగితం, కొలత గ్లాసు ఇచ్చింది. ఆ కాగితం నింపడం నా వంతు. ముప్ఫై నాలుగేళ్ళు రిజిస్టర్లు రాసిన చేయి గాని, ఆ ఐదు రాత్రులు రాసినంత శ్రద్ధగా ఏ రిజిస్టరూ రాయలేదు.

తరువాత అసలు కీమోథెరపీ. సైక్లోఫాస్ఫమైడ్, విన్‌క్రిస్టిన్, ప్రెడ్నిసలోన్, డాక్సోరూబిసిన్, సైటరబీన్, ఎక్కువ మోతాదులో మెథోట్రెక్సేట్. జబ్బు మెదడులో దాక్కోకుండా వెన్నులోకి కూడా మందు ఎక్కిస్తారు. ఎక్కువ మోతాదు మెథోట్రెక్సేట్ ఇచ్చాక, గడియారం చూసి సరిగ్గా చెప్పిన గంటకు ఫోలినిక్ ఆమ్లం ఇవ్వాలి. అది విరుగుడు. శత్రువును విషంతో చంపి, మన కణాలను విరుగుడుతో బ్రతికించుకోవడం. బర్కిట్, లార్జ్ బి సెల్ రకాలకు ఈ చికిత్స నాలుగు నుంచి ఆరు నెలలు. చాలా తీవ్రంగా ఉంటుంది, కాని పొట్టిది. టి లింఫోబ్లాస్టిక్ రకానికి రక్త క్యాన్సర్ పద్ధతిలో రెండేళ్ళకు పైగా పడుతుంది. మొదటి కొన్ని నెలలు గట్టి మందులు, తరువాత ఇంటి దగ్గరే మాత్రలు. కోత శస్త్రచికిత్సకు, కరెంటు పెట్టడానికి పిల్లల నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమాలో పాత్ర చాలా తక్కువ.

ఈ మధ్య కాలంలో రిటుక్సిమాబ్ అనే మందు చేరింది. ఇది బి రకం కణాలను గుర్తుపట్టి పట్టుకునే మందు. బర్కిట్ తదితర బి రకం లింఫోమాలు ముదిరిన పిల్లల మీద అనేక దేశాల్లో జరిపిన పరిశోధన ఫలితాలు 2020లో వచ్చాయి. కీమో ఒక్కటే ఇచ్చిన పిల్లల్లో 100కు 82 మంది మూడేళ్ళ తరువాత ఏ ఆపదా లేకుండా ఉంటే, రిటుక్సిమాబ్ కలిపి ఇచ్చిన వారిలో 100కు 94 మంది ఉన్నారు. మనం గర్వపడవలసిన సంగతి, ఈ మందుకు సాటి మందును తక్కువ ధరలో 2007లో మార్కెట్లోకి తెచ్చింది మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ సంస్థ.

అయితే అన్ని చోట్లా ఇన్ని ప్రాణాలు దక్కడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ధనిక దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 100కు 80 మందికి పైగా నయమవుతుంటే, చాలా బీద దేశాల్లో 30 మంది కూడా దక్కడం లేదు. మందు ఒకటే, జబ్బు ఒకటే. మరి తేడా ఎక్కడ? ఆలస్యంగా రావడం, రోగనిర్ణయం తప్పడం, చికిత్స మధ్యలో అంటురోగాలు, అన్నిటికీ మించి చికిత్స మధ్యలో మానేయడం. ఆ సంస్థ 2018లో పిల్లల క్యాన్సర్ మీద ఒక కార్యక్రమం మొదలుపెట్టి, 2030 నాటికి లోకమంతటా కనీసం 100కు 60 మంది పిల్లలను దక్కించుకోవాలని లక్ష్యం పెట్టుకుంది. అందులో ప్రత్యేకంగా ఎంచుకున్న ఆరు క్యాన్సర్లలో బర్కిట్ లింఫోమా ఒకటి.

మధ్యలో మానేయడం గురించి గట్టిగా చెప్పదలచుకున్నాను. మా పిల్లవాడికి రెండవ విడత అయ్యేసరికి కడుపు మామూలై పోయింది. స్కానింగులో గడ్డ కనబడలేదు. వరి కోతల కాలం. మా అల్లుడు కౌలు రైతు. "మామా, గడ్డ పోయింది గదా! ఇగ ఈ నోటి పుండ్లు, ఈ వాంతులు పోరనికి ఎందుకు? ఇంటికి తీసుకపోతా" అన్నాడు. మా అక్క కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకున్నది, జాతరకు తీసుకపోవాలంటది. నేనేమీ ఉపన్యాసం చెప్పలేదు. పక్క మంచం వైపు చూపించాను. అక్కడ ఒక పదిహేడేళ్ళ పిల్ల, ఇంటర్మీడియెట్ చదివేది. ఛాతీలో టి రకం గడ్డ. రెండేళ్ళ చికిత్సలో ఆరు నెలలకే బాగైందని ఇంటివాళ్ళు ఆపేశారు. నాలుగు నెలలకు తిరగబెట్టి వచ్చింది. తిరగబెట్టిన జబ్బు మొదటి మందులకు లొంగదు. మా అల్లుడు ఆ పిల్ల తండ్రితో ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని చాలాసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడుకున్నారో నేనడగలేదు. పొద్దున వచ్చి, "మామా, పూర్తిగ చేయిద్దాం" అన్నాడు. ఆ అమ్మాయి మూడు వారాల తరువాత పోయింది. మల్లన్న మొక్కు చికిత్స పూర్తయ్యాక, తెల్ల కణాలు మామూలైనాక, జాతర రద్దీ తగ్గినాక తీర్చుకున్నాం. దేవుడు తొందరపెట్టడు, జబ్బే తొందరపెడుతుంది. మా వాడు చికిత్స ముగించి నాలుగేళ్ళు దాటింది. ఇప్పుడు ఐ.టి.ఐ. చదువుతున్నాడు.

కంటికి కనపడని కణాలు లక్షల్లో మిగిలి ఉండవచ్చు. వాటి కోసమే మిగతా విడతలు. ఈ ఒక్క వాక్యం మీరు మీ ఊళ్ళో పదిమందికి చెప్పగలిగితే ఈ ప్రసంగం సార్థకమైనట్లే.

ఇంటి దగ్గర జాగ్రత్తలు. మందు ఎక్కించిన వారం, పది రోజులకు తెల్ల కణాలు పడిపోతాయి. ఆ సమయంలో 100.4 డిగ్రీల జ్వరం కనబడిందంటే అది అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి బయలుదేరాలి. మాత్ర వేసి తెల్లవారనిద్దాం అనవద్దు, కండకు సూదులు వేయించవద్దు. ఇంట్లో థర్మామీటరు ఉండాలి. కాచి చల్లార్చిన నీళ్ళు, వేడిగా వండిన అన్నం, పప్పు, ఉడికిన గుడ్డు, తొక్క తీసి తినే పండ్లు పెట్టాలి. బజారు తిండి, పచ్చి కూరముక్కలు, నిలవ ఉన్నవి వద్దు. "పత్యం" పేరుతో పిల్లల కడుపు మాడ్చవద్దు. బలహీనపడిన పిల్లవాడు మందు తట్టుకోలేడు. నోటి పుండ్లకు ఉప్పు నీళ్ళ పుక్కిలింత. ఎర్ర మందు, అంటే డాక్సోరూబిసిన్, ఎక్కించిన రోజు మూత్రం ఎర్రగా వస్తే కంగారుపడవద్దు. విన్‌క్రిస్టిన్‌తో మలబద్ధకం, కాళ్ళ తిమ్మిరి వస్తాయి, డాక్టరుకు చెప్పాలి. జుట్టు ఊడుతుంది, మళ్ళీ వస్తుంది. ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా ఎవరికీ రాదు. అటువంటి ఇంటికి నీళ్ళు తాగడానికి కూడా వెనుకాడిన చుట్టాలను నేను చూశాను.

యుక్తవయసు వారి సంగతి వేరుగా చెప్పాలి. పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ళ వారు అటు పిల్లలూ కారు, ఇటు పెద్దలూ కారు. పరీక్షలు పోతాయని ఆడపిల్లలూ మగపిల్లలూ బిళ్ళలు దాచిపెడతారు. కాబట్టి పెద్దలే గమనించాలి. వేగంగా పెరిగే ఈ లింఫోమాల్లో, ముఖ్యంగా టి లింఫోబ్లాస్టిక్ రకంలో, పిల్లల పద్ధతి చికిత్స వీరికి మేలు ఎక్కువ చేస్తుంది. ఆ విభాగం ఉన్న ఆసుపత్రికే తీసుకుపోవాలి. కొన్ని మందులు సంతానశక్తిని తగ్గించవచ్చు. ఎదిగిన మగపిల్లల వీర్యకణాలను చికిత్సకు ముందే భద్రపరచే వీలుంది. ఇది సిగ్గుపడి దాటవేసే విషయం కాదు, మొదటి రోజే డాక్టరును అడగాలి. ఆడపిల్లకు ఈ జబ్బు వచ్చిందంటే "పెండ్లి ఎట్ల?" అన్నది మొదటి ప్రశ్న అవుతున్నది. నయమైన పిల్ల నయమైన పిల్లే. గుండె పరీక్షలు, ఇతర పరీక్షలు డాక్టరు చెప్పినన్నాళ్ళు చేయించుకుంటే చాలు. బడి, పెండ్లి, ఉద్యోగం ఏదీ ఆగనక్కరలేదు.

ఇక మన గుమాస్తాల సబ్జెక్టు, కాగితాలు. పెన్షనరుగా మనకున్న హెల్త్ కార్డు మనుమలకు పనికిరాదు. తండ్రి గాని తల్లి గాని ఉద్యోగి అయితే వారి కార్డు పనికివస్తుంది. లేకపోతే రేషన్ కార్డు మీద ఆరోగ్యశ్రీ. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ పథకం పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచారు. క్యాన్సర్ చికిత్స అందులో ఉంది. ఆసుపత్రిలో ముందు ఆరోగ్యమిత్రను కలవాలి. పథకంలో లేని ఖర్చులకు ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టవచ్చు. రేషన్ కార్డులో, ఆధార్‌లో పిల్లవాడి పేరు, పుట్టిన తేదీ ఒకే రకంగా ఉన్నాయా లేదా ఈ రోజే చూసుకోండి. మంచి రోజుల్లో పది నిమిషాల పని, ఆపద రోజున పది రోజులు తినేస్తుంది.

హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, నీలోఫర్ దవాఖాన కూడా అక్కడే. పంజాగుట్టలో నిమ్స్, బంజారాహిల్స్‌లో 2000లో మొదలైన బసవతారకం ఆసుపత్రి ఉన్నాయి. దూర ప్రాంతం నుంచి వచ్చిన క్యాన్సర్ పిల్లల కుటుంబాలకు ఉచిత వసతి ఇచ్చే సెయింట్ జూడ్ ఇండియా సంస్థ కేంద్రాలు హైదరాబాదులో ఉన్నాయి, ఆసుపత్రి ద్వారా అడగాలి. 2023 అక్టోబరు నుంచి సిద్దిపేటకు రైలు వచ్చింది. క్యాన్సర్ రోగికి చికిత్స ప్రయాణానికి రైలు చార్జీలో పెద్ద రాయితీ ఉంది. స్లీపరులో రోగికి పూర్తిగా ఉచితం, వెంట వెళ్ళేవారికి 75 శాతం తగ్గింపు. ఆసుపత్రి ధ్రువపత్రం ఉండాలి. తల్లికి ఎక్స్‌ప్రెస్ బస్సులో మహాలక్ష్మి పథకం ఉండనే ఉంది.

ఒక ఫైలు తెరవండి. మొదటి పేజీలో ముక్క పరీక్ష రిపోర్టు, తరువాత తేదీల వరుసన రక్తపరీక్షలు, విడత విడతకూ ఇచ్చిన మందులు, డిశ్చార్జి కాగితాలు. జిరాక్సు సెట్టు ఒకటి వేరుగా. చికిత్స ముగిసినా ఆ ఫైలు పారేయవద్దు. ఇరవై ఏళ్ళ తరువాత ఏ డాక్టరు దగ్గరకు పోయినా ఎంత డాక్సోరూబిసిన్ పడిందో చెప్పేది ఆ ఫైలే.

చివరగా ఒక నిజం చెప్పకపోతే తప్పు. అన్నీ సవ్యంగా చేసినా కొందరు పిల్లలు దక్కరు. అటువంటప్పుడు నొప్పి లేకుండా చూడటం కూడా వైద్యమే. మార్ఫిన్ పేరు వినగానే బెదిరిపోవద్దు. తల్లిని "నువ్వు గిట్ల చేస్తే బతుకునేమో" అని ఎవరూ అనవద్దు. ఈ జబ్బు ఎవరి పాపం వల్లా, ఎవరి దిష్టి వల్లా రాదు.

మిత్రులారా, మన ఊళ్ళో సలహాకు ఇప్పటికీ పెన్షనరు దగ్గరకే వస్తారు. నెలనెలా ఖాయంగా నాలుగు డబ్బులు వచ్చేది మనకే, తీరిక ఉన్నదీ మనకే, దరఖాస్తు రాయడం వచ్చినదీ మనకే. కాబట్టి మన సంఘం ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను. ఒకటి, మండలంలో ఏ పిల్లవాడికి క్యాన్సర్ అని తెలిసినా, కాగితాల పని చూసిపెట్టడానికి ఇద్దరు సభ్యులను నియమించాలి. రెండు, నెలకు మనిషికి ఇరవై రూపాయల చొప్పున వేసుకుని, ఆ కుటుంబానికి దారి ఖర్చులకు ఒక చిన్న నిధి ఉంచాలి. మూడు, విడత తేదీ వచ్చినా ఆసుపత్రికి పోని ఇంటికి మనలో ఒకరు నడిచి వెళ్ళి, కూర్చుని, కారణం కనుక్కోవాలి. డబ్బా, కోతలా, భయమా? కారణం తెలిస్తే దారి దొరుకుతుంది.

సభాధ్యక్షులు వీటిని తీర్మానాలుగా చర్చకు పెట్టవలసిందిగా కోరుతున్నాను.